కూత మానిన సైకిలు

గంగ నోరు మంచిది కాదు. ఈ మాట ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు, గంగనడిగినా చెబుతుంది. ఆ నోటి వెనకాల ఎంత పిరికి మనిషి దాక్కునుందో మాత్రం ఎవరికీ తెలీదు. కూతురు సౌందర్య పొద్దున్నే సైకిలెక్కి, ఘాటీ దిగి బడికి పోతుంది కదా, ఆ పిల్ల క్షేమంగా కిందికి చేరిందని రూఢి అయ్యేదాకా గంగకి గొంతులో అంబలి చుక్క దిగదు.

భయపడదా మరి? ఆ ఘాటీ అలాంటిది. ఓ పక్క కొండ, ఓ పక్క లోయ, మధ్యన ఒక లారీ వస్తే ఇంకో లారీ కొండకి ఒరుసుకుని నిలబడాల్సినంత రోడ్డు. మొన్న వానలకి పిట్టగోడ కొన్నిచోట్ల లోయలోకి జారిపోయింది, మళ్ళీ కట్టిన పాపాన పోలేదు ఎవరూ. ఆపైన పుష్యమాసం మంచు. ఆ మంచులోనే అరకు చూడ్డానికొచ్చే కార్లు, కాఫీ బస్తాల లారీలు. తొమ్మిదో తరగతి చదివే గుంట ఒక్కతీ వాటి మధ్యన పడి దిగాలంటే, ఏ కన్నతల్లి నిబ్బరంగా కూర్చుంటుంది?

పిల్ల కిందికి చేరిందని ఇంట్లో కూర్చున్న గంగకి ఎలా తెలిసేదంటారా? చెవులతో. దసరా ముందు సంతలో మెకానిక్కు ఆ సైకిలుకి కొత్త బ్రేకు రబ్బర్లు వేశాడు. ఏం రబ్బర్లో ఏమో, నొక్కితే చాలు కీచుమని ఒకటే కూత. కొండ కొండంతా మోగిపోయేది. జీలుగుచెట్టు మలుపులో ఒక కూత, కల్వర్టు దగ్గర ఒక కూత, ఆఖర్న దిగుడు అయిపోయేచోట, ఎక్కడో లోతున, సన్నగా ఇంకొకటి. అది వినపడ్డాకే గంగ అంబలి ముంత ఎత్తేది. గంగ నోరు సైకిలుకి కూడా అంటుకుందని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళని తిట్టిపోసేది గానీ, లోపల గంగకీ సిగ్గే. ఎదుగుతున్న పిల్ల కొండంతా వినపడేలా కూతేసుకుంటూ పోతే ఏం బావుంటుంది చెప్పండి?

ఇదిలా ఉండగా ఒక సాయంత్రం సౌందర్య సైకిలు తోసుకుంటూ వచ్చి వాకిట్లోనే నిలబడిపోయింది. లోపలికి రాదు, సైకిలు పక్కన పెట్టదు.

"అమ్మా, బ్రేకు పట్టట్నేదు. నొక్కితే హ్యాండిలు దాకా వొచ్చీసింది."

"ఏటి సేసినావు దాన్ని?"

"నానేటీ సెయ్యనేదు."

"సెయ్యకుండానే అయిపోద్దేటి? నీ సేతిలో పడితే ఏ వొస్తువైనా నాలుగు రోజులుంటాదా?" అని మొదలెట్టి, పొయ్యి రాజేసి, అన్నం వార్చి, పిల్లకి పెట్టేదాకా తిడుతూనే ఉంది గంగ. భయమేస్తే ఆమెకి తిట్లే వస్తాయి. ఏడుపు రావాల్సిన చోట తిట్లు వస్తాయి, దండం పెట్టాల్సిన చోట కూడా తిట్లే వస్తాయి. పుట్టుకతో వచ్చిన గుణం, ఏం చేస్తాం.

మొగుడు మంగ్లు చింతపల్లి వైపు కాఫీ పండు తొక్క తీసే పనికి పోయాడు, సీజను అయ్యేదాకా రాడు. మెకానిక్కు సంతరోజు తప్ప పైకి రాడు. మర్నాడు చూస్తే లెక్కల పరీక్ష. జీపు కోసం కూర్చుంటే ఆ జీపు నిండేసరికి పరీక్ష అయిపోయి, పిల్లలు ఇళ్ళకొచ్చేస్తారు. గంగ అటు తిరిగీ ఇటు తిరిగీ ఆలోచించి, ఆ బ్రేకేదో తనే బిగించాలని తీర్మానించుకుంది.

తెల్లారగానే సైకిలుని వాకిట్లో తలకిందులుగా నిలబెట్టింది. మంగ్లు పెట్టెలోంచి పానా తీసింది. ఇదివరకెప్పుడూ చెయ్యకపోయినా, సంతలో చింతపండు బుట్ట ముందు కూర్చుని, ఎదురుగా మెకానిక్కు చేసే పని ఎన్నిసార్లు చూసుంటుందో. బ్రేకు నొక్కితే వైరు లాగుతుంది. వైరు లాగితే చక్రానికి అటూ ఇటూ ఉన్న రెండు ఇనప చేతులూ దగ్గరికొస్తాయి. వాటికున్న రబ్బర్లు రిమ్ముని చెరో పక్కనించీ పటకారు పట్టినట్టు పడతాయి. వైరు సాగిపోయిందంటే రబ్బర్లు రిమ్ము దాకా రావు. అంతేగదా సంగతి.

వైరుని పట్టుంచే చిన్న నట్టుని వదులు చేసింది. ఎడం చేత్తో ఇనప చేతుల్ని రిమ్ముకి అదిమిపట్టింది. కుడిచేతిలో పానా ఉంది. మరి వైరు లాగేదెవరు? వంగి, వైరు కొసని పళ్ళతో కరిచి లాగింది. అలా లాగిపట్టే నట్టు బిగించింది. చక్రం తిప్పితే ఒక పక్క రబ్బరు రాసుకుంటోంది, రెండో పక్క దూరంగా ఉంది. దాన్ని ఇటు నెట్టి, దీన్ని అటు నెట్టి, రెండు పక్కలా రూపాయి బిళ్ళ దూరేంత సందు వచ్చేదాకా వదల్లేదు. ముందు చక్రం, వెనక చక్రం, రెండూ అయ్యాయి. తిప్పి, బ్రేకు నొక్కింది. చక్రం కదిలితే ఒట్టు, అక్కడికక్కడే ఆగిపోయింది. మెకానిక్కు కూడా అంత బాగా బిగించేవాడు కాదు. నిజం చెప్పాలి కదా.

కాకపోతే కూత. రబ్బర్లు దగ్గరికొచ్చేసరికి ఆ కూత రెట్టింపయింది. ఇక్కడితో లేచిపోయుంటే బావుండేది. గంగ లేవలేదు.

ఆ కొండల్లో వలిసె నూనె లేని ఇల్లుండదు. తలుపు కిర్రుమంటే వలిసె నూనె, తిరగలి మూలిగితే వలిసె నూనె, పసిపిల్లకి కడుపు నొస్తే వలిసె నూనె. గంగ అమ్మకీ అదే, అమ్మమ్మకీ అదే. మోగుతోందంటే ఎండిపోయిందని లెక్క. ఎండిపోయిందంటే నూనె అడుగుతోందని లెక్క. గంగ లోపలికెళ్ళి సీసా తెచ్చింది. కోడి ఈక ఒకటి తీసుకుని నూనెలో ముంచి, ఒక్కో రబ్బరుకీ, పక్కలా మూలలా, ఓపిగ్గా రాసింది. రబ్బరుకి రాసి రిమ్ముకి మానెయ్యడం ఏం న్యాయమని, రిమ్ము చుట్టూరా కూడా ఈక తిప్పింది. గుడ్డతో తుడిస్తే రిమ్ము తళతళలాడింది. మళ్ళీ చక్రం తిప్పి బ్రేకు నొక్కింది. చప్పుడు లేదు. చక్రం ఆగడానికి మాత్రం కాస్త ఎక్కువసేపు పట్టింది. అది గంగ చూడలేదు. ఆ నిమిషాన ఆమెకి చెవులు తప్ప ఇంకేమీ పనిచెయ్యడం లేదు.

"సూడు, ఇంక నిన్నెవులూ నవ్వరు," అంది కూతురితో.

సౌందర్య వాకిట్లోనే నాలుగు తొక్కులు తొక్కి, బ్రేకు నొక్కి, కాలు కింద పెట్టింది. సైకిలు ఆగింది. బ్రేకు ఆపిందో కాలు ఆపిందో ఎవరు చూశారు? కూత లేదని పిల్ల మొహం విప్పారింది. గంగ "బేగి ఎల్లు, నెమ్మదిగా దిగు" అని రెండూ ఒక్క ఊపిరిలోనే చెప్పి పంపేసింది.

రోజూలాగే గుమ్మంలో నిలబడి విన్నది. జీలుగుచెట్టు మలుపు దగ్గర కూత రావాల్సిన వేళకి రాలేదు. గంగ తనలో తనే నవ్వుకుంది. పొయ్యి పక్కన కూర్చుని చోడంబలి ముంత ఎత్తింది.

అప్పుడే పక్కింటి తెరిసమ్మ నీళ్ళ బిందెతో దడి దగ్గర ఆగింది. గంగ కన్నా పెద్దది, గంగకి అక్క వరస, భర్త పోయాక పుట్టింటి ఊరికి వచ్చేసింది. ఒకప్పుడు ఆ దంపతులకి పార్వతీపురంలో అద్దె సైకిళ్ళ కొట్టు ఉండేది.

"ఓలె గంగా, గుంట బడికి ఎల్నేదా? కూత ఇనపడ్నేదు. జొరమేటి?"

"ఎల్లింది అప్పా. కూత నానే మాన్పించినాను."

"ఏటేసి మాన్పించినావు?"

"ఏటేస్తాను, వలిసె నూనే. రబ్బర్లకీ రిమ్ముకీ, సుట్టూరా, ఈకతోటి బాగా రాసినాను."

తెరిసమ్మ చంకలో బిందె దించేసింది. దించడం కూడా కాదు, వదిలేసింది. నీళ్ళన్నీ దడి కిందికి పారిపోయాయి. "బ్రేకు రబ్బరికి నూనె రాసినావా? మా ఇంటాయన నూనె సెయ్యి రిమ్ముకి తగిలితేనే మీద పడి అరిసీవోడు. ఆ రబ్బరు రిమ్ముని పట్టుకోవాలే గంగా. నూనె రాస్తే జారిపోద్ది. ఇంక బ్రేకు ఉన్నా ఒకటే, నేకపోయినా ఒకటే."

గంగ తన బొటనవేలు చూపుడువేలుతో కలిపి రాసి చూసుకుంది. నూనె ఇంకా ఉంది. వేలు వేలు మీద జారింది, ఎంత నొక్కినా జారింది. అప్పుడు అర్థమైంది. ముంత ఎక్కడ పెట్టిందో తెలీదు, చెప్పు వేసుకుందో లేదో తెలీదు. "నాను రాయెక్కి దిగువ టీ కొట్టోళ్ళకి పోను సేస్తాను, నువ్వు అడ్డదారిని దిగు" అని తెరిసమ్మ వెనకనించి అరుస్తోంది. ఆ ఊళ్ళో ఫోను మాట్లాడాలంటే కొండరాయి ఎక్కాలి. ఆవిడ ఎక్కేసరికి కావలసింది అయిపోతుందని ఇద్దరికీ తెలుసు.

రోడ్డు కొండని చుట్టుకుంటూ దిగుతుంది. అడ్డదారి కాఫీ తోటల్లోంచి నిటారుగా దిగి, ఆ రోడ్డునే మలుపు మలుపులో కోస్తుంది. గంగ దిగింది అనడం కంటే పడింది అనడం నిజం. కాఫీ కొమ్మలు మొహాన కొడుతున్నాయి. పండుటాకుల మీద కాలు జారి కూర్చుండిపోతుంది, మళ్ళీ లేస్తుంది. తమ కొండదేవత జాకరమ్మకి కోడిని ఇస్తానంది. నాలుగడుగులు వేశాక మేకని ఇస్తానంది. తెరిసమ్మ చర్చి దేవుణ్ణి కూడా పిలిచింది. ఆయన కోడి తీసుకుంటాడో లేదో తెలీక, నువ్వు ఏది అడిగితే అదే ఇస్తానంది. మధ్యమధ్యలో ఆగి చెవులు రిక్కించి వింటోంది. ఒక్క కూత. ఎక్కడినించైనా ఒక్క కూత వస్తే బావుండు. తన చేతులతోనే మాన్పించిన కూత ఎలా వస్తుంది?

మొదటిదైన జీలుగుచెట్టు మలుపు చేరేసరికి రోడ్డు ఖాళీగా ఉంది. మంచుకి తడిసిన రోడ్డంచు మట్టిలో సన్నటి టైరు గీత. ఆ గీత పక్కనే ఇంకో గీత, కాలు ఈడ్చుకుంటూ పోయినట్టు. గంగ దాన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్లకి ఇక్కడే తెలిసిపోయింది, బ్రేకు లేదని. తెలిసి, కాలుతో ఆపడానికి చూసింది. ఆగలేదు.

అప్పుడే కింద లారీ హారను మోగింది. మామూలుగా కొట్టినట్టు కాదు, నొక్కి పట్టి వదలనట్టు. ఆ వెంటనే లారీ బ్రేకులు బుస్సుమన్నాయి. తరవాత ఏ చప్పుడూ లేదు.

గంగ కాఫీ మొక్క మొదట్లో కూలబడిపోయింది. లేవాలి, దిగాలి. దిగితే చూడాలి. దిగనంతసేపూ చూడనట్టే కదా, చూడనంతసేపూ పిల్ల బతికున్నట్టే కదా, అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యమేసింది. కొమ్మ పట్టుకుని లేచింది. చేతిలో నూనె ఉండడం మూలాన కొమ్మ కూడా జారింది, రెండోసారి పట్టుకుని లేచింది.

కల్వర్టు దగ్గర లారీ రోడ్డుకి అడ్డంగా ఆగి ఉంది. డ్రైవరు కిందికి దిగి ముందు చక్రం పక్కన నిలబడ్డాడు. చక్రం కిందికి చూడాలంటే గంగకి ధైర్యం చాల్లేదు. డ్రైవరు మొహం చూసింది. మనిషి మొహంలో నెత్తురు లేదు.

"సైకిలు మీద గుంట," అంది.

"నీ పిల్లేనా?" అన్నాడతను. "కొండకీ లారీకీ మధ్యనించి దూరి పోయిందమ్మా. బెల్లు లేదు, బ్రేకు లేదు. ఇంత సందు, ఇంతే."

"పోయిందా?"

"కిందికి పోయింది, కిందికి. బతికే ఉంది. ఇప్పటికైతే బతికే ఉంది."

ఆ ఆఖరి మాట వినకుండా ఉంటే బావుండేది. గంగ ఇంక అడ్డదారి వెతుక్కోలేదు, రోడ్డు మీదే పరిగెత్తింది. కల్వర్టు దాటాక దిగుడు ఇంకా ఎక్కువ. నడిచే మనిషినే ముందుకి తోసేసే దిగుడు. మంచులో పది అడుగుల అవతల ఏముందో కనపడదు. ఉన్నట్టుండి రోడ్డు నడిమధ్యన చెప్పు కనపడింది. సౌందర్య చెప్పు. ఎత్తి చూస్తే ముందుభాగం అరిగి బొక్కపడింది. ఆ చెప్పు అవతల టైరు గీత, ఆ గీత అవతల మలుపు. ఆ మలుపులోనే పిట్టగోడ లేదు.

గంగ అంచుదాకా పాక్కుంటూ పోయింది. బోర్లా పడుకుని కిందికి చూసింది. తెల్లగా మంచు, ఇంకేమీ లేదు. పిలుద్దామంటే నోరు పెగల్లేదు. ఊరి ఆ చివర నించి పిలిస్తే ఈ చివర వినపడే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఈకని నూనెలో ముంచి మూలమూలలా రాసిన సంగతి కళ్ళముందు ఆడుతోంది. ఎంత ఓపిగ్గా రాసింది. ఒక్క చోటు కూడా వదల్లేదు.

"సౌందర్యా," అంది చివరికి. లోయలోకి అంది.

"అమ్మా."

లోయలోంచి కాదు. వెనకనించి, రోడ్డు కిందివైపునించి వచ్చింది ఆ గొంతు. గంగ లేచి ఎటు పోతోందో తెలీకుండా పోయింది.

మలుపు తిరగ్గానే కొండ పక్క కాలవలో సైకిలు పడుంది. పక్కనే సౌందర్య కూర్చునుంది. పిట్టగోడ లేని చోటు దాటీ దాటగానే హ్యాండిలు మొత్తం కొండవైపు తిప్పేసి, పొదల్లోకి పోనిచ్చేసిందట. మోచేతులు చీరుకుపోయాయి. చెప్పు లేని కాలికి వేళ్ళ మీద చర్మం లేదు, రోడ్డు తినేసింది. గంగ పిల్ల మీద పడిపోయి తల తడిమింది, వీపు తడిమింది, చేతులు ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. అన్నీ ఉన్నాయి. అప్పుడొచ్చింది ఏడుపు.

"నానేటీ సెయ్యనేదమ్మా," అంది సౌందర్య. అడక్కముందే అంది. "రెండు సేతుల్తో నొక్కినాను. సివరిదాకా నొక్కినాను. ఆగనేదు."

"నువ్వేటీ సెయ్యనేదు తల్లీ. నానే. రబ్బర్లకి నూనె రాయకూడదంట. నాకు తెల్దు. నానే సేసినాను."

సౌందర్య అర్థమయీ అవనట్టు చూసింది. గంగ ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని, కొంగు చింపి వేళ్ళకి చుట్టబోయింది. చుట్టిన గుడ్డ ఊడిపోతోంది, మళ్ళీ చుడుతోంది.

"దూకీనేకపోయినావేటే? పైన, మొదటి మలుపు కాడే, జోరు అందుకోకముందే ఒదిలీసి దూకీనేకపోయినావా?"

"దూకితే సైకిలు లోయలోకి ఎల్లిపోద్ది కదా."

"ఎల్లిపోతే?"

పిల్ల తల వంచుకుంది. చున్నీ కొసతో హ్యాండిలుకి అంటిన మట్టి తుడుస్తోంది. కాలిలోంచి నెత్తురు కారుతుంటే, మట్టి తుడుస్తోంది.

"నువ్వు సంపీస్తావు," అంది.

గంగ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. రోజుకి ఎన్నిసార్లు అనుంటుంది ఆ మాట? అన్నం మాడితే సంపీస్తాను, పుస్తకం తడిస్తే సంపీస్తాను, జడ వదులైతే సంపీస్తాను. అనేసి మర్చిపోయే మాట. గంగ మర్చిపోయిన మాటని పిల్ల గట్టిగా పట్టుకుని, లారీ పక్కనించీ లోయ పక్కనించీ, సైకిలు వదలకుండా దిగింది.

"పోతే పోనీవే సైకిలు," అంది గంగ. "ఇంకెప్పుడైనా ఇలాగైతే ఒదిలీసి దూకీయ్. ఇన్నావా? నాను ఏటీ అనను. ఏటీ అననే." ఎంత మెత్తగా అందామనుకున్నా ఆ మాట కూడా తిట్టులాగే వచ్చింది.

సౌందర్య తలూపింది. నమ్మినట్టు మాత్రం లేదు. ముందు చక్రం పైకెత్తి, గుండ్రంగా తిప్పి తల్లికి చూపించింది.

"సూడమ్మా," అంది, "ఎక్కడా వొంకర పోనేదు."